గ్రహణపు మొఱ్ఱి

పై పెదవి చీలి పుట్టిన బిడ్డను చూచి మనవారు గ్రహణపు మొఱ్ఱి యందురు. ఈ మాట చిన్ననాటినుండి ఎన్నిమాఱులు వింటిమో లెక్కలేదు. అందొక అభియోగము దాగియున్నదని మాత్రము మాకు చాలకాలము తోచలేదు. లోపమునకు పేరు పెట్టుటలోనే నేరము చేసినవారెవరో కూడ తేల్చివైచిన మాట యిది. గ్రహణమువేళ గర్భిణి కదలినది, కోసినది, చూచినది, త్రాగినది. కావున బిడ్డ పెదవి చీలినది. తండ్రి ఆ పూట ఏమి చేయుచుండెనో ఎవరును అడుగరు.

సోదరీమణులారా! మా యింట జరిగిన సంగతి చెప్పి, పిమ్మట శాస్త్రమునకు వత్తుము.

వికారినామ సంవత్సర మార్గశిర బహుళ అమావాస్య, 2019 డిసెంబరు 26వ తేదీ గురువారము. ఉదయము ఎనిమిది దాటినది మొదలు పదకొండు దాటువఱకు సూర్యగ్రహణము. కేరళ, తమిళ, కన్నడ దేశములలో కొన్ని తావుల సూర్యుడు కంకణమువలె కనబడెను. మన తెలుగుసీమలో పాక్షికమే. మా తోడికోడలికి అప్పుడు ఎనిమిదవ నెల. మా అత్తగారు తెల్లవాఱకమునుపే ఆమెను నడిమి గదిలో పండబెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టించి, పట్టు మొదలు విడుపువఱకు వెల్లకిల కదలక మెదలక యుండవలయుననియు, గ్రుక్కెడు నీరైనను ముట్టరాదనియు కట్టడ చేసిరి. ఎనిమిదవ నెలలో వెల్లకిల పరుండుట తల్లికిని బిడ్డకును మంచిది కాదనియు, ప్రక్కకు ఒత్తిగిలి పరుండవలయుననియు వైద్యులు చెప్పుదురు. ఆ సంగతి మేమెఱుగుదుము. ఎఱిగియు మిన్నకుంటిమి.

రెండు గంటలు గడచిన తరువాత ఆమె నాలుగేండ్ల కొడుకు గది వాకిట నిలిచి ఆకలియని ఏడ్చెను. వంటయిల్లు ఆర్పియున్నది, పాత్రలపై దర్భలు వేసియున్నవి. ఆమె లేచివచ్చి, కూజాలోని నీళ్లు గ్లాసెడు త్రాగి, గూటిలోనున్న జామపండు కోసి పిల్లవాని చేతిలో పెట్టెను. మేము వాకిటనే యుంటిమి. మమ్ము చూచి ఆమె బెదరెను. మేము పోయి పడుకొనుమనలేదు, భయము లేదు త్రాగుమనియు అనలేదు. మొగము త్రిప్పుకొంటిమి.

జనవరి నెలాఖరున ఆడుబిడ్డ పుట్టెను. పై పెదవి ఎడమవైపున ముక్కుపుటమువఱకు చీలియున్నది. బంధువులు చూడవచ్చిన దినమున ఆ చిన్నవాడు అందఱి నడుమను నిలిచి, "ఆ రోజు అమ్మ నాకు కత్తితో జామపండు కోసిపెట్టింది" అని ముద్దుగా చెప్పెను. ఇంక చెప్పవలసినదేమున్నది? "కత్తి పట్టుకుందటమ్మా, కళ్లారా చూచి పట్టుకుంది" అని అత్తగారు అరుగుమీద కూర్చుండి కన్నీరు పెట్టుకొనిరి. మా తోడికోడలు గోడవైపు తిరిగి పడుకొనెను. పాలిచ్చుటకు తప్ప మూడు దినములవఱకు ఇటు తిరుగలేదు.

అత్తగారిది దుర్బుద్ధియని మేము తలపము. తమ అత్తగారి నోట వినిన మాటనే ఆమె నమ్మిరి. ఆ మనుమరాలిని ఆమెకంటె ప్రేమించువారు మా యింట లేరు. తప్పు మాది. ఏలయన మాకు తెలియును.

మా తండ్రిగారు మమ్ము బడికి పంపలేదు గాని అమరముతో మొదలుపెట్టి కావ్యనాటకములు, ఆ తరువాత కొంత జ్యోతిస్సిద్ధాంతము ఇంటనే చెప్పిరి. గ్రహణప్రకరణము వచ్చినప్పుడు ఆయన వంటయింటినుండి ఒక పళ్లెమును, రెండు అప్పడములను తెమ్మనిరి. పళ్లెముతో అప్పడమును సగమువఱకు కప్పిరి. మిగిలిన అప్పడపు కొనలు మొద్దుగా నుండెను. ఆ తరువాత అప్పడమును అంతటిదే యగు రెండవ అప్పడముతో కప్పిరి. మిగిలిన భాగము కొడవలివలె, కొనలు ముల్లువలె నుండెను. "చంద్రగ్రహణములో కొమ్ములు మొద్దు, సూర్యగ్రహణములో కొమ్ములు వాడి. కప్పువాడు రెంటను ఒక్కడేయైనచో ఈ భేదమెట్లు వచ్చినదమ్మా?" అని అడిగిరి.

ఇది ఆయన కల్పించిన యుక్తి గాదు. 1150లో సిద్ధాంతశిరోమణి రచించిన భాస్కరాచార్యుడు చూపినదే. చంద్రుని కప్పునది భూమి నీడ. అది చంద్రబింబమునకు రెండున్నర రెట్లకు పైబడి యుండును, కావున కొమ్ములు మొద్దు, గ్రహణమును దీర్ఘము. సూర్యుని కప్పునది చంద్రుడు. అతడు కంటికి సూర్యుడంతయే కనబడును, కావున కొమ్ములు వాడి, గ్రహణము స్వల్పము. ఇంకను, చంద్రునికి స్పర్శ తూర్పు అంచున, సూర్యునికి పడమటి అంచున. చంద్రుడు పడమటినుండి తూర్పునకు నడచుచు తాను పోయి నీడలో దూఱును గనుక అతని తూర్పు అంచు ముందు మునుగును. అతడే వెనుకనుండి వచ్చి సూర్యుని కప్పును గనుక సూర్యుని పడమటి అంచు ముందు మాయును. పాము మ్రింగుటయే నిజమైనచో ఒకనాడు తూర్పునుండియు ఒకనాడు పడమటినుండియు ఈ క్రమము తప్పక మ్రింగుటకు దానికేమి పట్టు?

ఈ జ్ఞానము భాస్కరునితో పుట్టలేదు. 499లో ఇరువదిమూడేండ్ల ఆర్యభటుడు చంద్రుడు సూర్యుని, భూచ్ఛాయ చంద్రుని కప్పునని స్పష్టముగా వ్రాసెను. తరువాతి శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో రాహువు కారణము కాదని వాదించి, జనుల మాటకును కొంత చోటు విడిచెను: గ్రహణకాలమున ఇచ్చు హోమదానములలో పాలుగొనుమని రాహువునకు బ్రహ్మ వరమిచ్చెననియు, అందుచేత అతడు అప్పుడు సన్నిహితుడై యుండునని లోకము చెప్పుననియు.

ఇచట బ్రహ్మగుప్తుడు వచ్చుచున్నాడు. మాకు ఆయనతోనే పని.

628లో, ముప్పదియేండ్ల వయస్సున, నేటి రాజస్థానములోని భిల్లమాలయందు ఆయన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతము రచించెను. సున్నతో కూడికలు తీసివేతలు చేయుటకు నియమములు చెప్పిన మహానుభావుడు. అట్టివాడు ఆర్యభట వరాహమిహిరాదులను పేరుపేరున నిందించెను: రాహువు కారణము కాదనుట వేదస్మృతులకు విరుద్ధము, అట్లైనచో గ్రహణకాలమున లోకము చేయు స్నానజపహోమములన్నియు వ్యర్థము కావలసి వచ్చును గదా యని. ఇంతయు పలికి, గ్రహణగణితమునకు వచ్చునప్పటికి ఆయన ఏమి చేసెను? భూమి నీడ కొలతను కట్టెను. చంద్రబింబము కొలతను కట్టెను. రాహువు నోటి కొలత ఎచ్చటను కట్టలేదు.

నాలుగు వందల యేండ్ల తరువాత, సుమారు 1030లో, మన దేశమును గుఱించి గొప్ప గ్రంథము వ్రాసిన అల్ బిరూనీ ఈ ఘట్టమును చదివి ఆశ్చర్యపడెను. ఇంతటి మేధావి తానెఱిగిన దానికి విరుద్ధముగా ఏల పలికెను? యవనదేశమున సోక్రటీసునకు పట్టినవంటి విపత్తేదో ఆయనకును ఎదురై యుండునని అల్ బిరూనీ ఊహ. అంతరాత్మకు ద్రోహమైన మాటయని ఒకవైపు అనుచునే, అంత చిన్న వయసువాడని మఱొకవైపు జాలిపడెను.

పెండ్లికి ముందు ఈ సంగతి చదువుకొన్నప్పుడు బ్రహ్మగుప్తునిపై మాకు కోపము వచ్చినది. నేడు రాదు. జామపండు కోయుచున్న తోడికోడలిని చూచి మొగము త్రిప్పుకొన్న దినమున మాకు ముప్పది దాటినది. మాకు ఏ రాజభయము లేదు, ఏ విద్వత్సభయు మమ్ము వెలివేయదు. అత్తగారి మొగము చిన్నబోవునేమోయను భయమొక్కటి చాలినది.

భాస్కరాచార్యుడు సయితము ఇంత యుక్తి చూపి తుదకొక సంధి చేసికొనెను. రాహువు శివుని వరముచేత తమోరూపుడై భూచ్ఛాయలో దూఱి చంద్రుని, చంద్రబింబములో దూఱి సూర్యుని కప్పునట! నీడకు నీడయు నిలిచినది, పురాణమునకు పురాణమును నిలిచినది. మన యిండ్లలో నేటికిని సాగుచున్న రాజీ ఇదియేయని మా తలపు.

అన్ని రాజీలును ఇంత మర్యాదగా జరుగలేదు. ఆర్యభటుడు ఒక ప్రాణకాలమునకు, అనగా నాలుగు సెకండ్లకు, భూమి ఒక కల తిరుగుననెను. దినమునకు 21600 ప్రాణములు, వృత్తమునకు 21600 కలలు, లెక్క సరిపోయినది. పడవలో ముందునకు పోవువానికి గట్టుమీది చెట్లు వెనుకకు పోవునట్లు కనబడునని ఉపమానము కూడ చెప్పెను. తరువాతివారికిది మ్రింగుడుపడలేదు. భూమి తిరిగినచో ఎత్తయినవి పడిపోవా యని బ్రహ్మగుప్తుడు ఆక్షేపించెను. అది వాదము, పెద్దమనిషి తనము. మఱికొందఱు ఆ పాటి శ్రమయు పడక మూలశ్లోకములో 'భూః' అనుచోట 'భం' అని పాఠము మార్చివైచిరి. భూమి పోయి నక్షత్రమండలము వచ్చినది! ఛందస్సు చెడలేదు, అర్థము తలక్రిందులైనది. ఒక్క అక్షరముతో ఎంత పని చేయవచ్చునో సంస్కృతము చదివిన సోదరీమణులు గ్రహింతురు.

ఇది మన దేశమునకు మాత్రమే పట్టిన గ్రహణము కాదు. 1633 జూన్ 22న రోమునగరములో డెబ్బదియేండ్లకు దగ్గఱపడిన గెలిలియో మోకరించి, భూమి తిరుగునను అభిప్రాయమును విడిచితినని చదువవలసి వచ్చెను. 1642లో మరణించువఱకు గృహనిర్బంధమే. వారమునకొకమాఱు ఏడు పశ్చాత్తాప కీర్తనలు చదువవలెనని ఆయనకు విధించిన ప్రాయశ్చిత్తమును సన్న్యాసినియైన ఆయన పెద్దకూతురు మరియా చెలెస్తే తాను చేసెదనని పైన వేసికొనెను; మఱుసటి యేటనే చనిపోయెను. ఆమె తండ్రికి వ్రాసిన 124 లేఖలు నిలిచియున్నవి, ఆయన ఆమెకు వ్రాసినవి ఒక్కటియు దొరకలేదు. ఆయన విషయమున న్యాయమూర్తులు పొరపడిరని పోపు రెండవ జాన్ పాల్ ఒప్పుకొనినది 1992లో. మూడు వందల యేబది తొమ్మిదేండ్లు!

మఱల మన సీమకు వత్తుము. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ వనపర్తి మీదుగా, గుంటూరు మీదుగా, మచిలీపట్టణము మీదుగా సముద్రములోనికి దిగెను. ఆనాడు ఎన్ని యిండ్లలో ఎందఱు గర్భిణులు దుప్పట్ల చీకటిలో పరుండియుండిరో! ఆ చీకటిలోనే గుంటూరున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ తన యంత్రముతో సూర్యుని అంచునుండి ఎగయు జ్వాలల వెలుగును రంగులుగా విడదీసి చూచెను. ఆ రంగుల గీతలు ఎంత ప్రకాశముగా కనబడెననగా, గ్రహణము లేకయే వానిని చూడవచ్చునని ఆయనకు తోచి, మఱునాడు చూచెను కూడ. ఆ గీతలలో పసుపుపచ్చనిది భూమిమీద తెలిసిన ఏ పదార్థమునకును సరిపోలేదు. దానికే హీలియమని, యవనుల సూర్యుని పేర, నామకరణమైనది. 1895లో అది భూమిమీదను దొరకెను. నేడు ఆసుపత్రులలో శరీరము లోపలి భాగములను చిత్రించు ఎమ్మారై యంత్రములను చల్లబఱచుటకు ద్రవరూపమున వాడుచున్నారు. గుంటూరి గ్రహణము మనకు మొఱ్ఱిని ఇయ్యలేదు, దీనిని ఇచ్చినది.

ఆ దినముననే వనపర్తికి మద్రాసు నక్షత్రశాలనుండి ఒక బృందమును నడుపుకొని వచ్చినవారు చింతామణి రఘునాథాచార్యులవారు. పంచాంగకర్తల వంశమువారు. అంతకు ముందటి యేట, 1867లో, వెలుగు హెచ్చుతగ్గులగు ఒక నక్షత్రమును కనుగొనిరి. 1872లో లండనులోని రాయల్ జ్యోతిశ్శాస్త్ర సంఘము వారిని సభ్యులుగా గైకొనెను. 1874లో శుక్రుడు సూర్యబింబముమీదుగా నడచినప్పుడు జనులు బెదరకుండుటకై ముందుగానే దేశభాషలలో చిన్న పుస్తకము ప్రచురించిరి. వారి మాట ఒక్కటే: పూర్వుల గణితమును ఆకాశముతో సరిచూడవలెను, తేడా వచ్చినచో గణితమును దిద్దవలెను, ఆకాశమును దిద్దలేము గదా. దృగ్గణిత పంచాంగమును వెలువరించిరి. పాతపద్ధతి పంచాంగకర్తలకు వారిపై ఆగ్రహము కలుగుటలో వింత లేదు. 1880లో వారు కాలము చేసిరి గాని ఆ తగవు తీఱలేదు. ఒకే వీధిలో రెండిండ్లవారు ఏకాదశిని రెండు దినములలో ఉపవసించుట మనమెఱుగనిది కాదు. చిత్రమేమనగా తిథిలో పాతపద్ధతిని విడువనివారు సయితము గ్రహణకాలమును తఱచు దృగ్గణితముననే వేయుదురు. తిథి తప్పినచో పట్టుకొనువాడు లేడు. గ్రహణము తప్పినచో వీధిలోని పిల్లవాడు పట్టుకొనును.

ఇక ఆ పెదవి మాట. మా తోడికోడలు గోడవైపు తిరిగి పడుకొనిన మూడవనాడు మేము పంచాంగము తీసికొని ఆమె మంచము ప్రక్కన కూర్చుంటిమి. కడుపులో బిడ్డకు పెదవి ఏర్పడునది నాలుగవ వారము మొదలు ఏడవ వారములోపల. ముక్కుకు ఇరుప్రక్కలనుండి పెరిగివచ్చిన కండ నడుమ కలిసికొనవలెను. కలియనిచోట చీలిక నిలుచును. ఆమెకు వెనుకకు లెక్కించి చూడగా ఆ వారములు జ్యేష్ఠమాసములో పడినవి. జ్యేష్ఠమాసమున మన దేశములో కనబడిన గ్రహణము లేదు. మార్గశిర అమావాస్యనాటికి ఆ పెదవి చీలి ఆఱు నెలలైనది. "అక్కా, అయితే ఆ జామపండు..." అని ఆమె ఇటు తిరిగెను. "ఆ జామపండు నీ కొడుకు ఆకలి తీర్చింది, అంతే" అని చెప్పితిమి. ఆ మాట డిసెంబరులో చెప్పవలసినది.

ప్రపంచమున సుమారు 700 శిశువులలో ఒకరికి ఇట్టి చీలిక కలుగును. గ్రహణములు కనబడని యేండ్లలోను కలుగును. వంశములో వచ్చుట ఒక కారణము. గర్భారంభమున పొగత్రాగుట, అదుపులో లేని మధుమేహము, మూర్ఛరోగమునకిచ్చు కొన్ని మందులు కొన్ని కారణములు. చాలమందికి ఇదియే కారణమని వ్రేలు పెట్టి చూపుటకు రాదు. గర్భము రాకమునుపునుండియే ఫోలిక్ ఆమ్లపు మాత్రలు వాడుట మంచిదందురు. మూర్ఛకు మందు వాడువారు తమంతట తాము మానక, ముందుగా వైద్యుని అడుగవలెను. పెదవికి శస్త్రచికిత్స సామాన్యముగా మూడు నెలలకు పైబడి, ఏడాదిలోపల చేయుదురు. అంగిలి చీలినచో ఏడాదిన్నర లోపల.

గ్రహణవిధులలో నిజమైన జాగ్రత్త యొకటి కలదు; దానిని మాత్రము తేలిక చేయరాదు. సూర్యగ్రహణమును వట్టి కంటితో చూడరాదు. నొప్పి తెలియకుండగనే కంటిలోపలి పొర కాలిపోవును. ఇది గర్భిణికిని, బ్రహ్మచారికిని, ముసలివారికిని సమానము. పట్టుస్నానము, విడుపుస్నానము, జపము ఎవరికిని కీడు చేయవు, మేమును చేయుదుము. ఎనిమిదవ నెల గర్భిణికి నీళ్లు మాన్పించుట కీడు.

ఆ యేటి మార్చిలో కరోనా వచ్చి సర్వమును మూతపడినది. శస్త్రచికిత్సకు మాకిచ్చిన తేదీ రద్దయినది. బిడ్డ అట్లే పెరుగుచుండెను. శార్వరినామ సంవత్సర జ్యేష్ఠ బహుళ అమావాస్య, 2020 జూన్ 21, ఆదివారము; మఱల సూర్యగ్రహణము. ఆదివారము వచ్చినది గనుక చూడామణి. బడులు లేకపోవుటచే మావారు ఇంటనే యుండిరి. మబ్బులు అప్పుడప్పుడు విచ్చుచుండగా ఆయన పెరటిలోనికి పోయి పిండిజల్లెడను ఎత్తి పట్టుకొనిరి. క్రింద నాపరాళ్లమీద జల్లెడ కంతలన్నిటినుండి వందల సూర్యులు పడిరి. ప్రతి సూర్యుడును ఇంచుమించు సగము కొఱికిన బిళ్లవలె నుండెను. మా తోడికోడలు చంటిదానిని ఎత్తుకొని వసారాలోనికి వచ్చెను. ఎవరును పిలువలేదు. అత్తగారు జపమాలతో గడపలో నిలిచి చూచుచుండిరి. "కొమ్ములు చూడండి అత్తయ్యగారూ, ఎంత వాడిగా ఉన్నాయో" అని మేమంటిమి. మాకది చిన్న ధైర్యము కాదు. ఆమె బదులు చెప్పలేదు. వంగి చాలసేపు చూచిరి. విడుపుస్నానము చేసి వచ్చి బిడ్డను అడిగి ఒడిలోనికి తీసికొనిరి. జామపండు మాట తప్పని ఆమె నేటికిని అనలేదు. ఆ మాట మఱల ఎత్తనూ లేదు.

కార్తికమాసమున శస్త్రచికిత్స జరిగెను. పెదవిమీద సన్నని గీత మిగిలినది. నవ్వినప్పుడు అది కొంచెము ఎడమకు లాగును.

2025 సెప్టెంబరు 7, భాద్రపద పూర్ణిమనాటి రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణము పట్టినప్పుడు ఆ చిన్నది నిద్రపోనని మారాము చేసి మాతో డాబామీదికి వచ్చినది. పది దాటిన తరువాత నీడ చంద్రునిలో సగమువఱకు వచ్చెను. మేమింకను కండ్లజోడు తుడుచుకొనుచుంటిమి. "పెద్దమ్మా, దీని కొమ్ములు మొద్దుగా ఉన్నాయి" అని అది మాకంటె ముందే చెప్పినది.